గింజలోని చంద్రధాతువు

బియ్యము చేటలో పోసికొని కూర్చున్న గృహిణి కంటికి మట్టిబెడ్డ కనబడును, వడ్లగింజ కనబడును, పురుగు కనబడును. ఏరవలసినది యేరి, కడిగి, యెసటిలో పోయును. అంతటితో ఆ బియ్యమును గూర్చి తాను తెలిసికొనవలసినదంతయు తెలిసినదని యామె యనుకొనును. మేమును చాలకాల మట్లే యనుకొంటిమి. కాని చేట తెలుపజాలనిదియు, కన్ను పట్టజాలనిదియు నగు సంగతి యొకటి గింజలో కలదు. ఆ గింజ యే నేలలో పండినదో, ఆ నేలకు రైతు ఏ యెరువు వేసెనో, దానినిబట్టి యందలి కొన్ని సూక్ష్మద్రవ్యములు పదింతలు హెచ్చవచ్చును, పదింతలు తగ్గవచ్చును. అట్టి ద్రవ్యములలో నొకదానిని గూర్చి నేడు సోదరీమణులకు విన్నవింప దలచితిమి. దాని పేరు సెలీనియము.

ఈ విషయము మా దృష్టికి వచ్చిన విధము ముందు చెప్పెదము. మా పొరుగింటి సోదరి యొకతె తలవెండ్రుకలు రాలుచున్నవని బెంగగొని, ఎవరో చెప్పగా విని, సెలీనియము మాత్రల సీసా యొకటి కొనితెచ్చుకొన్నది. దినమున కొకటి చొప్పున వేసికొనుచు, గుణము త్వరగా కనబడవలెనని రెండును, పిదప మూడును వేసికొన నారంభించినది. "వదినగారూ! ఇది పైరులలో నుండు పదార్థమేనట, మందు కాదట. ఎంత వేసికొన్న నేమి?" అని మమ్మడిగినది. మాకు సమాధానము తెలియలేదు. తెలియదని చెప్పి యూరకుండుటకు మనసొప్పక, దొరకినంతవరకు ఈ విషయమున చదివితిమి. చదివినకొలది ఆ ప్రశ్న సామాన్యమైనది కాదని తోచినది. ఏలయన, ఒకచోట ఈ ద్రవ్యము లేక పసిపిల్లలు మరణించిరి. మరియొకచోట ఇదియే యెక్కువై జనులు వెండ్రుకలు, గోళ్లు కోల్పోయిరి. ఈ రెంటికిని మార్గము పంటగింజయే.

1817వ సంవత్సరమున స్వీడను దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు బెర్జీలియసు, గాన్ అను మిత్రునితో గూడి, గంధకికామ్లమును తయారుచేయు కర్మాగారమున అడుగున పేరుకొన్న యెర్రని మడ్డిని పరీక్షించెను. మొదట నది టెల్లూరియమను మూలద్రవ్యమని భ్రమపడి, పిదప క్రొత్తద్రవ్యమని గుర్తించెను. టెల్లూరియమునకు లాటిను భాషలో భూమి యను నర్థమునుబట్టి పేరు వచ్చినది గావున, దానిని పోలిన దీనికి గ్రీకు భాషలో చంద్రుని పేరిడెను. అమరకోశమున చంద్రుని నామములలో ఓషధీశు డనునది యొకటి కలదని చదువుకొన్న సోదరీమణు లెరుగుదురు. పైరులకు పతియైన చంద్రుని పేరు, పైరులద్వారా మనకు చేరు ద్రవ్యమునకు పెట్టబడుట యాదృచ్ఛికమే గాని, చెప్పికొన నెంతయు సొంపుగ నున్నది. చంద్రునికి వలెనే దీనికిని రెండు పక్షములు కలవు.

లోకము మొదట దీని కృష్ణపక్షమునే చూచినది. 1856లో అమెరికాలోని ఫోర్ట్ రాండల్ అను సైనికస్థావరమున గుర్రముల మెడజూలు, తోకవెండ్రుకలు రాలి, గిట్టలు ఊడుటను మాడిసన్ అను సైనికవైద్యుడు వర్ణించెను. కారణము ఆనాటి కెవరికిని తెలియలేదు. 1930వ దశకమున, దక్షిణ డకోటా మొదలగు ప్రాంతముల నేలయందును, అచట పండిన ధాన్యమునందును సెలీనియ మధికముగ నుండుటయే యట్టి రోగమునకు మూలమని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. చీనా దేశమున హుబే రాష్ట్రములోని ఎన్షీ మండలమున 1961 మొదలు 1964 వరకు ఇట్టిదియే మనుష్యులకు సంభవించినది. అచటి కొండలలోని రాతిబొగ్గునందు సెలీనియము మిక్కుటము. అది వానకు కరగి నేలలోనికి దిగెను. అనావృష్టిచే వరిపంట పోగా, ఆ నేలలో పండిన మొక్కజొన్నయు కూరగాయలును తిని జనులు బ్రతుకవలసివచ్చెను. మిక్కిలి బాధపడిన గ్రామములలో సగము మందికి వెండ్రుకలును గోళ్లును ఊడిపోయెను. తిండి మార్చిన పిదప కోలుకొనిరి.

శుక్లపక్షము 1957లో తెలియవచ్చెను. క్లాస్ ష్వార్జ్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరునితో గూడి, ఒకవిధమైన మేతచే ఎలుకల కాలేయము చెడిపోవుటను అత్యల్పమైన సెలీనియము నివారించుచున్నదని చూపెను. విషమనుకొన్నది పోషకమైనది. 1973లో, మన రక్తకణములను దహనశీలమైన వికారములనుండి కాపాడు నొక కిణ్వమునకు సెలీనియమే ప్రాణమని తేలినది. కంఠమున నుండు థైరాయిడు గ్రంథి పనిచేయుటకును ఇది కావలయును. అయిన నెంత కావలయును? భారతీయ వైద్య పరిశోధన మండలి పెద్దవారికి దినమునకు 40 మైక్రోగ్రాములు చాలునని నిర్ణయించినది. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. ఇంత స్వల్పమైన దానికొరకు దేశములు చేసిన ప్రయత్నములు చూచిన నాశ్చర్యము కలుగును.

చీనా దేశపు ఈశాన్యభాగమున కేషాన్ అను ప్రాంతము కలదు. 1935లో అచట నొక హృద్రోగము చెలరేగినది. ఆ యూరి పేరే రోగమునకు పేరైనది. గుండెకండరము చెడి, పెద్దదై, అకస్మాత్తుగ మరణము సంభవించును. ఎక్కువగ దానికి గురియైనవారు పిల్లలును, బిడ్డలను కను వయస్సులోని స్త్రీలును. వీరు తమ పొలమున పండిన ధాన్యమునే తిను బీదకాపు కుటుంబములవారు. ఈశాన్యమునుండి నైరృతివరకు చీనా దేశమున బారుగ సాగిన యీ రోగభూమియందలి నేలలలో సెలీనియము మిక్కిలి తక్కువ. 1974లో సిచువాన్ రాష్ట్రమున పిల్లలను రెండు వర్గములుగ చేసి, ఒక వర్గమునకు వారమున కొక సెలీనియపు మాత్రయు, రెండవ వర్గమునకు మందులేని మాత్రయు నిచ్చిరి. మందులేని మాత్ర వేసికొన్న 3985 మందిలో 54 మందికి రోగము వచ్చెను. సెలీనియము పుచ్చుకొన్న 4510 మందిలో 10 మందికి మాత్రమే వచ్చెను. మరుసటి యేడును ఫలిత మిట్లే యుండుటచే, 1976లో మందులేని మాత్ర లిచ్చుట మానివేసి, అందరు పిల్లలకును సెలీనియమే యిచ్చిరి. ఆ 54 అంకె చదువునపుడు తల్లియైన యే స్త్రీ కన్నులు చెమర్చవు? ఈ రోగమునకు ఒక వైరసుకూడ తోడగునని పిదప తెలిసినది. ఐనను దాని కడ్డుగోడ సెలీనియమే.

మరియొక చిత్రము. ఎన్షీ మండలమునందే, గోళ్లు ఊడిన గ్రామములకు ఇరువది కిలోమీటర్ల లోపల, కేషాన్ రోగము వచ్చిన గ్రామములును గలవు. ఒక కొండ కీవల లేమి. ఆవల మితిమీరిన కలిమి. ఒకే గాలి, ఒకే వాన. భేదమంతయు నేలలోను, నేలపై పండిన గింజలోను గలదు.

ఇక గింజలోనికి ఇది యెట్లు వచ్చునో చెప్పెదము. పైరు దీనిని కోరి తీసికొనదు. వేరునకు కావలసినది గంధకము. సెలీనియము గంధకమునకు అన్నదమ్ముని వంటిది. రూపము, స్వభావము మిక్కిలి పోలియుండును. సెలీనేటు అను రూపములో నున్నపుడు గంధకము ప్రవేశించు ద్వారముననే అది వేరులోనికి ప్రవేశించి, సులభముగ కాండమున కెగబ్రాకి, ఆకులకు, గింజలకు చేరును. సెలీనైటు అను వేరొక రూపము కలదు. అది బంకమంటికిని, నేలలోని యినుపతుప్పునకును గట్టిగ నంటుకొని, పైరునకు చిక్కదు. కొంత చిక్కినను భాస్వరము పోవు ద్వారమున వేరు జొచ్చి, చాలవరకు వేరునందే నిలిచిపోవును. కావున నేలలో ఎంత సెలీనియ మున్నదనుట కంటె, ఏ రూపమున నున్నదనుట ముఖ్యము. ఇంటిలో ధాన్యము నిండుగ నుండియు కొట్టుగది తాళము చెవి పోయిన చందమున, నేలలో నుండియు పైరునకు దొరకని స్థితి కలుగును. ఆమ్లగుణము గల నేలలలో ఈ తాళము మరింత గట్టిది. సున్నము వేసిన నేలలలో కొంత సడలును.

రైతు వేయు తక్కిన యెరువులును దీనిని మార్చును. అమ్మోనియం సల్ఫేటులోను, జిప్సము కలిసియుండు సాధారణ సూపర్ ఫాస్ఫేటులోను గంధకము గలదు. గంధకము వేరు ద్వారమున క్రిక్కిరిసినపుడు, అన్నదమ్ముడైన సెలీనేటునకు చోటు దొరకుట కష్టమగును. నత్రజని యెరువు వేసి దిగుబడి హెచ్చించినపుడు, ఉన్న కొద్దిపాటి సెలీనియము ఎక్కువ గింజలకు పంచుకొనబడి పలుచబడును. పశువుల పెంటలో సెలీనియ ముండినను, దానిలో చాలభాగము పైరునకు వెంటనే దొరకని రూపమున నుండును. ఎరువన్న నెరువే యనుకొను మాకు ఈ భేదములు క్రొత్తవి. ఏ యెరువునకు ఏ గుణమో తెలియుటచేతనే ఒక దేశము దీనిని ప్రజాహితమునకు వినియోగించుకొన్నది.

ఆ దేశము ఫిన్లాండు. ఉత్తరధ్రువము దరినున్న చలిదేశము. అచటి నేలలు ఆమ్లగుణము గలవి. సెలీనియము యినుపతుప్పున చిక్కి యుండెను. పశువులకు కండరములు తెల్లబడు రోగము వచ్చుచుండెను. 1970వ దశకమున అచటి పెద్దవారికి దినమునకు సుమారు 25 మైక్రోగ్రాములే దొరకుచుండెను. అమెరికానుండి గోధుమలు దిగుమతియైన సంవత్సరములలో ఆ కొలత పెరుగుటయు, స్వదేశధాన్యము తిన్న సంవత్సరములలో తగ్గుటయు గమనించి, వారు దోషము నేలలోనే యున్నదని నిశ్చయించుకొనిరి. 1983లో తీర్మానము చేసి, 1984లో వ్యవసాయమున వాడు మిశ్రమ యెరువులలో సోడియం సెలీనేటు కలుప మొదలిడిరి. ధాన్యపు పైరుల యెరువులో కిలోగ్రామునకు 16 మిల్లీగ్రాములు. పసరికమేత యెరువులో 6 మిల్లీగ్రాములు. ఒక హెక్టారు, అనగా సుమారు రెండున్నర యెకరముల పొలమునకు, 500 కిలోగ్రాముల యెరువు వేసినచో చేరు సెలీనియము 8 గ్రాములు. ఒక తులమైన కాదు!

ఫలితము త్వరలోనే కనబడెను. వసంతమున విత్తు ధాన్యములలో సెలీనియము ఇరువదింతలకు మించి పెరిగినది. శీతకాలపు పైరులగు రై మొదలగువానిలో అంత పెరుగలేదు. వానికి యెరువు వేయు కాలమును, రీతియు వేరగుటయే కారణము. గడ్డి తిన్న ఆవుపాలలోను, మాంసములోను, గ్రుడ్లలోను పెరిగెను. జనులకు చేరిన దానిలో అధికభాగము ఈ మార్గముననే చేరెను. కొద్ది యేండ్లలోనే దినమునకు నూరు మైక్రోగ్రాములు దాటినది. ఇది కావలసినదానికంటె మించుచున్నదని గ్రహించి, 1990లో అన్ని యెరువులలోను 6 మిల్లీగ్రాములకు తగ్గించిరి. అది మరీ తక్కువ యగుటచే 1998లో 10కిని, 2007లో 15కిని పెంచిరి. గృహిణి పులుసులో ఉప్పు రుచిచూచి సరిదిద్దినట్లు, ఆ దేశమువారు ధాన్యమును, పాలను, మనుష్యుల రక్తమును ఏటేట పరీక్షించుచు సరిదిద్దుకొనిరి.

దీనిపై ఆక్షేపణ లేకపోలేదు. దేశములోని ప్రతివారి భోజనమున, వారి యిష్టమడుగక, ప్రభుత్వ మొక ద్రవ్యమును చేర్చుట న్యాయమా యని కొంద రడుగుదురు. మేమును దీనిని గూర్చి యాలోచించితిమి. మాత్రలు పంచిన తెలివిగలవారును, ధనవంతులును తీసికొందురు, బీదవా రెరుగరు. ఎక్కువ వేసికొని చెడువారును గలరు. పైరు మార్గమున పోయిన, మొక్కయే దానిని తన మాంసకృత్తులలో నిముడ్చుకొని, ఆహారరూపమున నందరికి సమముగ పంచును. కాని యిట్టి పని చేయుటకు అధికారమొక్కటియే చాలదు. కొలిచెడి శ్రద్ధయు, తప్పినచో వెనుకకు తీసికొనెడి వినయమును కావలెను. ఫిన్లాండు చరిత్రలో మాకు మిక్కిలి నచ్చినది 1984 నాటి సాహసము కాదు, 1990 నాటి తగ్గింపు. హృద్రోగ మరణము లా దేశమున తగ్గినవి గాని, ఎరువు మార్పునకు పూర్వమే తగ్గుట ఆరంభమైనది గావున, ఆ కీర్తి సెలీనియమునకు కట్టబెట్టుట న్యాయము కాదు.

ఈ సంగతి మనదేశమున కేమి పని యందురేమో! పంజాబు రాష్ట్రమున నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతములలో కొన్ని గ్రామముల నేల ఎన్షీ నేల వంటిది. శివాలిక్ కొండలనుండి వానకాలపు వాగులు తెచ్చి వేసిన యొండ్రులో సెలీనియము గలదు. అచట గోధుమలును, మేతయు తిన్న పశువులకు కొమ్ములు, గిట్టలు ఊడుట కనబడినది. లూధియానాలోని పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు అట్టి పొలములకు జిప్సము వేయించి, గోధుమలోనికి పోవు సెలీనియమును చాల తగ్గింపగలిగిరి. అన్నదమ్ముల పోరును ఫిన్లాండువా రొకవైపునకు వాడుకొనగా, వీరు రెండవవైపునకు వాడుకొనిరి. ఒకే శాస్త్రము, లేనివారికి తెచ్చిపెట్టినది, ఎక్కువైనవారికి తీసివేసినది.

మన ముఖ్యాహారమగు వరికి వేరొక చిక్కు గలదు. నీరు నిలిచిన మడిలో నేలకు గాలి తగులదు. అట్టి నేలలో సెలీనేటు నిలువక, పైరునకు చిక్కని రూపములుగ మారిపోవును. అందుచే గోధుమపొలమున పనిచేసిన యెరువు వరిమడిలో నట్లే పనిచేయదు. వరికి పొట్టదశయందు ఆకులపై బహుస్వల్పమైన పాళమున పిచికారి చేయుట మేలని పరిశోధనలవలన తెలియుచున్నది. ఎట్లు వేసినను పైరు తీసికొనునది కొంతయే. మిగిలినది నేలలో బంధింపబడును గావున ఏటేట వేయవలసియుండును. అందుచే ఇది రైతు తనంతట తా నూహించి చేయదగిన పని కాదు.

మరి మన పొలముల స్థితి యేమి? 2015లో కేంద్రప్రభుత్వము భూసార పరీక్షాపత్రముల పథకము నారంభించినది. ఆ పత్రమున పండ్రెండు అంశములు కొలిచి వ్రాయుదురు. నత్రజని, భాస్వరము, గంధకము, జింకు, ఇనుము మొదలగునవి గలవు. సెలీనియము వానిలో లేదు. పైరునకు కావలసినదానిని కొలుచు పత్రమది. పైరు తినువారికి కావలసినదానిని కొలుచుట కింకను మొదలు పెట్టవలసియున్నది. తైత్తిరీయోపనిషత్తు భూమినుండి ఓషధులును, ఓషధులనుండి అన్నమును, అన్నమునుండి పురుషుడును పుట్టినట్లు వరుస చెప్పినది. మన కొలత ఓషధులయొద్దనే యాగిపోయినది. కొసయందున్న మనిషివరకు దానిని సాగింపవలెనని యడుగుటకు, వండి వడ్డించు మనకంటె హక్కుగల వారెవరు?

అంతవరకు మన చేతిలో నున్నది చెప్పెదము. కేషాన్ రోగము వచ్చినది, ఒక్క నేలలో పండిన ఒక్క ధాన్యమునే తిన్నవారికి. కావున కంచములో వైవిధ్యమే మనకు రక్ష. అన్నముతోపాటు గోధుమలు, జొన్నలు, రాగులు, పప్పులు, పాలు, తినువారికి గ్రుడ్లు, చేపలు మారుమారుగ నుండవలెను. పలుచోట్ల పండిన ధాన్యము వాడుటవలన, ఒక నేల లోపమును మరియొక నేల కప్పును. మాత్రలు మాత్రము వైద్యుడు చెప్పిననే తప్ప వేసికొనరాదు.

తుదకు మా పొరుగింటి సోదరి ప్రశ్నకు వచ్చెదము. అమెరికాలో 2008లో పుష్టికొరకని అమ్మిన యొక ద్రవౌషధమున, చీటీపై వ్రాసినదానికి రెండువందల రెట్లు సెలీనియము పొరపాటున పడినది. పది రాష్ట్రములలో 201 మంది జబ్బుపడిరి. వారిలో చాలమందికి కనబడిన లక్షణములలో నొకటి, వెండ్రుకలు రాలుట! ఈ మాట చెప్పగానే ఆమె కొంతసేపు పలుకలేదు. "రాలకుండుటకని తిన్నది రాలుటకే యగునా, వదినగారూ?" అని, సీసా మూసి మాకిచ్చివేసినది. పిదప వైద్యురాలు చూచి రక్తహీనత యని చెప్పి, తగిన చికిత్స చేయించినది. ఇప్పుడు కొప్పు పూర్వమువలె కుదురుచున్నది.

ఆ సీసా మా బీరువాలో నేటికిని మూతతో నున్నది. దానిని చూచినపుడెల్ల మాకు తోచుమాట యిది. మేలు చేయు ద్రవ్యమునకును, కీడు చేయు ద్రవ్యమునకును పేరులు వేరు కావు, కొలత వేరు. ఆ కొలతను మన చేట తెలుపదు, నాలుక తెలుపదు. నేలను, గింజను, మనుష్యుని కలిపి చూచు శాస్త్రమే తెలుపవలెను. ఆ శాస్త్రమును మన పొలముల గట్టులకును, మన వంటయిండ్ల గడపలకును రప్పించుటకు సోదరీమణులు పూనుకొందురు గాక!